స్కూల్ కోసం కొన్న స్టూడెంట్ మైక్రోస్కోప్ రివ్యూ: ఏ లెన్సులో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒకటే బాధ. బాక్టీరియా, శిలీంధ్రాలు, ప్రొటిస్టులు, వైరస్‌లు అని బోర్డు మీద నాలుగు బొమ్మలు గీస్తాం, నాలుగూ అరచెయ్యంత ఉంటాయి, దాంతో పిల్లలకి నాలుగూ ఒకే సైజు పురుగులే అనిపిస్తాయి. నిజానికి కుంట నీళ్ళలో ఉండే పారామీషియంకి, జలుబు వైరస్‌కి మధ్య పొడవులో తేడా వేల రెట్లు. ఈ తేడా నోటితో ఎంత చెప్పినా ఎక్కదు, కళ్ళతో చూడాలి. స్కూల్లో ఉన్న పాత మైక్రోస్కోపుకి అద్దం పగిలిపోయి, పెద్ద లెన్సు మసకబారిపోయి చాలా కాలమైంది. సరే అని ఈసారి సొంతంగా ఒకటి కొన్నాను, ఏడు వేల లోపే అయింది. ఒక టర్మంతా పిల్లలతో కలిసి గట్టిగా వాడాక రాస్తున్నా. కొనాలనుకునే టీచర్లకి, ఇంట్లో బైపీసీ పిల్లలున్న తల్లిదండ్రులకి పనికొస్తుందని కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

మోడల్ సంగతి చెప్తా. ఒక కన్నుతో చూసేది, తల భాగం ఏటవాలుగా ఉంటుంది, 10 ఎక్స్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు, పది రెట్లు), కింద నాలుగు లెన్సులు 4, 10, 40, 100. వెలుతురుకి అద్దం బదులు ఎల్ఈడీ, కింద ఛార్జింగ్ బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా క్లాసు ఆగదు. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే మన దగ్గర అమ్మే ఈ రేంజు మైక్రోస్కోపులు చాలా వరకు హర్యానాలో అంబాలా నుంచి వచ్చేవే, ఒకే రకం బాడీ మీద రకరకాల స్టిక్కర్లు ఉంటాయి. పేరు చూసి కొనేకంటే లెన్సు మీద అంకెలు చూసి కొనడం ముఖ్యం.

హైదరాబాద్‌లో నేను అడిగిన ఒక షాపులో, "సార్, ఇది తీసుకోండి సార్, పదిహేను వందల ఎక్స్, ఇందులో వైరస్ కూడా కనిపిస్తది" అన్నాడు ఆ అబ్బాయి. పాపం అతనికి ఎవరో అలా చెప్పి ఉంటారు. "లేదు బాబూ, వైరస్ కనిపించదు, ఆ 15 ఐపీస్ తీసేసి 10ది పెట్టు, చాలు" అన్నా. ఎందుకంటే ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందన్నది ఒక లెక్క, పక్కపక్కన ఉన్న రెండు చుక్కల్ని రెండుగా విడదీసి చూపించగలదా అన్నది వేరే లెక్క. రెండోది వెలుతురు అలల పొడవు మీద, లెన్సు ఎంత కోణంలో వెలుతురుని పట్టగలదు అన్నదాని మీద ఆధారపడుతుంది. మామూలు వెలుతురులో నూనె వేసి చూసే 100 లెన్సుతో కూడా పావు మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే దగ్గరగా ఉన్నవి విడిపోవు. ఆ పైన ఐపీస్ మార్చి 1500, 2000 ఎక్స్ చేసినా, బ్లర్‌గా వచ్చిన ఫోటోని ఫోన్‌లో వేళ్ళతో పెద్దది చేసి చూసినట్టే, మసక పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏమీ తెలియదు.

అందుకే లెన్సు పక్కన చెక్కిన అంకెలు చదవండి. 40/0.65 అని, 100/1.25 అని ఉంటుంది. గీత తర్వాతున్నది న్యూమరికల్ అపెర్చర్, అంటే ఇందాక చెప్పిన వెలుతురు పట్టే కోణం లెక్క, విడదీసి చూపించే శక్తి దాన్లోనే ఉంటుంది. కింద 160/0.17 అని ఉంటే 0.17 అంటే కవర్ స్లిప్ మందం, మిల్లీమీటర్లలో. అంటే 40 లెన్సుతో చూసేటప్పుడు కవర్ స్లిప్ మానేసినా, దాని బదులు ఏదో మందపాటి గాజు పెట్టినా బొమ్మ పాడవుతుంది. ఇంకొకటి, స్టేజీ కింద వెలుతురుని స్లైడు మీదికి చేర్చే కండెన్సరు, దానికి మూసే తెరిచే ఐరిస్ ఉందో లేదో చూడండి. అది లేని మోడల్ వెయ్యి రూపాయలు తక్కువకి వస్తున్నా వద్దు. రంగు వెయ్యని ప్రాణులు నీళ్ళలాగే పారదర్శకంగా ఉంటాయి, ఐరిస్ కొంచెం మూస్తే తప్ప వాటి అంచులు తేలవు.

ముందు కుంట నీళ్ళతో మొదలుపెట్టండి, పిల్లలు ఆ రోజుతో ఈ సబ్జెక్టుకి పడిపోతారు. ఒక సీసాలో కుంట నీళ్ళు పోసి, గుప్పెడు వరిగడ్డి ముక్కలు వేసి, మూత బిగించకుండా నాలుగైదు రోజులు నీడన వదిలేయాలి. ముందు గడ్డి మీద బాక్టీరియా పెరిగి నీళ్ళు మసకబారతాయి, తర్వాత ఆ బాక్టీరియాని తినడానికి పారామీషియంలు పెరుగుతాయి. అంటే ఒక ఆహారపు గొలుసు ఆ సీసాలోనే తయారవుతుంది. 4 లెన్సులో తెల్లటి నలకలు పరుగెడుతున్నట్టు, 10లో చెప్పు అడుగు ఆకారం, 40లోకి వెళ్తే ఒక్క పారామీషియమే సగం ఫీల్డు (లెన్సులో కనిపించే గుండ్రటి జాగా) ఆక్రమిస్తుంది. మరీ వేగంగా పోతాయి కాబట్టి స్లైడు మీద రెండు మూడు దూది పోగులు వేస్తే వాటి మధ్య ఇరుక్కుని నిలబడతాయి. అప్పుడు చూడాలి, లోపల సంకోచ రిక్తిక అనే గుండ్రటి నీటి తిత్తి మెల్లగా ఉబ్బుతూ ఉబ్బుతూ ఉన్నట్టుండి మాయమవుతుంది, మళ్ళీ అక్కడే మొలుస్తుంది. బయటి నీళ్ళు ఊరికే లోపలికి వచ్చేస్తుంటే తోడి పోసుకుంటోంది అని చెప్పగానే ఒక పిల్ల "సార్, మరి ఉప్పు నీళ్ళు వేస్తే తక్కువ కొట్టుకుంటదా?" అని అడిగింది. సరిగ్గా అదే జరుగుతుంది, ఉప్పు బాగా పలుచగా కలిపి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంతకన్నా మంచి ప్రశ్న నేను ఏ పరీక్ష పేపర్లోనూ చూడలేదు.

అదే నీళ్ళలో అదృష్టం ఉంటే వర్టిసెల్లా దొరుకుతుంది, సన్నటి కాడ మీద గంటలాగా ఉండి, బల్ల మీద కొంచెం తట్టితే కాడ స్ప్రింగులా ముడుచుకుపోతుంది. ఆకుపచ్చగా మారిన నీటి గుంటల్లో యూగ్లీనా, ఎర్రటి కంటిచుక్కతో సహా. అమీబా మాత్రం అంత సులువుగా దొరకదు, అడుగున బురదలో ఓపిగ్గా వెతకాలి. పాఠంలో మొదటి బొమ్మ అదే కాబట్టి పిల్లలు దాని కోసమే అడుగుతారు, ముందే చెప్పేయండి. రోటిఫర్లు కూడా తిరుగుతుంటాయి, అవి పారామీషియంలాగా ఒకే కణమున్న ప్రొటిస్టులు కావు, చాలా కణాలున్న జంతువులు, చాలా మంది వాటిని కలిపేస్తారు.

ప్రొటిస్టుల గురించి చెప్తూ సికింద్రాబాద్ మాట చెప్పకుండా వదిలిపెట్టకండి. మలేరియా కలిగించే ప్లాస్మోడియం కూడా ఈ గుంపుదే, అది దోమ కడుపు గోడలో ఉందని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది ఇక్కడే. ఆయన మైక్రోస్కోపు మరలు నుదుటి చెమటకి తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. ఆ పని మీదే 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఏడు వేల రూపాయల మైక్రోస్కోపుతో ఏం చేస్తాం అనే వాళ్ళకి నేను చెప్పే సమాధానం ఇదే.

ఇప్పుడు బాక్టీరియా. ఇక్కడే చౌక మైక్రోస్కోపులు తేలిపోతాయి, ఇది మాత్రం పరవాలేదు, పాసైంది. పెరుగు తేట ఒక చుక్క స్లైడు మీద పలుచగా పూసి, ఆరాక దీపం మీద రెండుసార్లు అటూ ఇటూ చూపించి, మిథిలీన్ బ్లూ ఒక నిమిషం వేసి కడిగేస్తే చాలు. 40లో నీలం చుక్కలు, గీతలు తెలుస్తాయి. 100 లెన్సుకి నూనె చుక్క వేసి దించితే గొలుసుల్లా గుండ్రటివి, కర్రల్లా పొడుగువి విడివిడిగా. ఒక్కోటి దగ్గర దగ్గర ఒక మైక్రాను వెడల్పు, అంటే వెయ్యి రెట్లకి ఒక మిల్లీమీటరు అన్నట్టు. ఇంటింటి పెరుగు వేరు వేరుగా ఉంటుంది, పిల్లలు ఎవరింటి తోడు వాళ్ళు చిన్న డబ్బాలో తెచ్చారు, ఒకరి దాంట్లో గొలుసులు ఎక్కువ, ఒకరి దాంట్లో కర్రలు ఎక్కువ. పళ్ళ మీది పాచి కూడా అలాగే చూడొచ్చు, 1683లో లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిలోనే బాక్టీరియాని చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు, ఆయన మైక్రోస్కోపులో ఉన్నది ఒకే ఒక్క గాజు లెన్సు.

గ్రామ్ స్టెయిన్ కూడా చేశాం. బాక్టీరియాని రంగుని బట్టి రెండు రకాలుగా విడదీసే ఈ పద్ధతి 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ పెట్టినది, ఇప్పటికీ ఆస్పత్రి ల్యాబుల్లో రోజూ చేసేది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, స్పిరిట్‌తో కడగడం, చివర శాఫ్రనిన్. పెరుగులోవి ఊదా రంగులో మిగిలాయి, అంటే గోడ మందంగా ఉండే రకం. పెసర మొక్క వేరు బుడిపె తెచ్చి నలిపి (లోపల గులాబీ రంగు ఉంటేనే అది పని చేస్తున్న బుడిపె) అదే పద్ధతి చేస్తే అందులోని రైజోబియం బాక్టీరియా గులాబీ రంగులో వచ్చింది, అంటే గోడ పలుచగా ఉండే రకం. రైతుల పిల్లలకి యూరియా బస్తా ధర తెలుసు, గాల్లో నత్రజనిని పట్టి మొక్కకి ఇచ్చేది ఈ గులాబీ గీతలే అని చెప్తే క్లాసు మొత్తం లైను కట్టింది చూడ్డానికి.

వరి మడుల్లో నీటి మీద తేలే అజొల్లా మొక్క దొరికితే వదలకండి. దాని ఆకు నలిపి 40లో చూస్తే పూసల దండల్లా అనబీనా కనిపిస్తుంది, మధ్య మధ్యలో కొంచెం పెద్దగా, పేలవంగా ఉండే పూసలు నత్రజని పట్టే కణాలు. ఇది కూడా బాక్టీరియానే, ఆకుపచ్చగా ఉంది కదా అని మొక్కల్లో వేసేస్తారు చాలా మంది. రంగు వెయ్యకుండా, నూనె లేకుండా కనిపించే బాక్టీరియా కావాలంటే ఇదే బెస్టు.

ఈ మైక్రోస్కోపులో నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చింది మాత్రం కల్లు. ఇది స్కూల్లో కాదు, ఇంట్లో చూశాను. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రం దాకా ఉంచి, అడుగు మడ్డి నుంచి ఒక చుక్క తీసుకుని కవర్ స్లిప్ వేసి 40లో ఐరిస్ కాస్త మూసి చూడండి. కోలగా ఉన్న పెద్ద కణాలు యీస్ట్, అది శిలీంధ్రం. కొన్నిటికి పక్కన చిన్న మొగ్గ, మొగ్గకి ఇంకో మొగ్గ. వాటి చుట్టూ, వాటి సందుల్లో, సన్నటి కర్రల్లా బాక్టీరియా. యీస్ట్ 5 నుంచి 8 మైక్రాన్లు, బాక్టీరియా ఒకటి, రెండు. ఒకే ఫీల్డులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కేంద్రకం ఉన్న కణానికీ (యీస్ట్) లేని కణానికీ (బాక్టీరియా) సైజు తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా చూపించలేం. ఒక జాగ్రత్త, నీళ్ళలో ఉన్న ప్రతి చిన్న నలకా వణుకుతూనే ఉంటుంది, అది బ్రౌనియన్ చలనం, ప్రాణం ఉన్నదీ లేనిదీ కూడా అలాగే వణుకుతాయి. ఫీల్డు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దారి పట్టుకుని వెళ్తేనే ఈదుతున్నట్టు. చెట్టు మీద కుండకి లోపల సున్నం రాస్తే ఇవేవీ పెరగవు, అది నీరా, తియ్యగానే ఉంటుంది. పిల్లలకైతే అదే పాఠం బేకరీ యీస్టుని గోరువెచ్చని పంచదార నీళ్ళలో కలిపి చూపించొచ్చు.

బూజులకి ఈ మైక్రోస్కోపు 10 లెన్సు చాలు, 40 దాకా వెళ్ళక్కర్లేదు చాలాసార్లు. తడిపిన బ్రెడ్డు మీద వచ్చే నల్ల చుక్కల బూజు రైజోపస్, కాడ చివర గుండ్రటి తిత్తి, అది పగిలి బీజాలు రాలడం కూడా దొరికింది మాకు. మా వైపు బత్తాయి తోటలు ఎక్కువ, కుళ్ళిన బత్తాయి మీద ఆకుపచ్చ పొడి పెనిసిలియం, కుంచె ఆకారం. సెలోటేపు ముక్క బూజుకి మెత్తగా అంటించి తీసి స్లైడు మీద అతికిస్తే ఆకారం చెదరదు, సూదితో పీకితే అంతా ముద్దయిపోతుంది. పల్లీల మీద పసుపు పచ్చ బూజు మాత్రం క్లాసులో విప్పొద్దు, అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు చేసే ఆస్పర్జిల్లస్ కావచ్చు, ఆ పొడి పిల్లలు పీల్చకూడదు. అన్నట్టు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద సుబ్బారోమైసిస్ అని ఒక శిలీంధ్రం ప్రజాతే ఉంది, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు వెనక ఉన్న మనిషి ఆయన. పిల్లల నోట్సులో ఇది ఉండాలని నా కోరిక.

వైరస్ దగ్గరికి వద్దాం, షాపు అబ్బాయి అమ్మాలనుకున్నది అదే కదా. పల్లాకు తెగులు వచ్చిన పెసర ఆకు తెచ్చి, ఒక సన్నటి పొర తీసి చూశాం. ఆకు కణాలు కనిపించాయి, పత్రరంధ్రాలు కనిపించాయి, పసుపు రంగు కనిపించింది, వైరస్ కనిపించలేదు. కనిపించదు కూడా, ఆ వైరస్ ముప్పై నానోమీటర్ల లోపు, జంట ముద్దలుగా ఉంటుంది, తెల్లదోమ మోసుకొస్తుంది. మన లెన్సు హద్దు పావు మైక్రాను, అంటే 250 నానోమీటర్లు. కరోనా వైరస్ కూడా వంద అటూ ఇటూనే. 2020లో మన దేశపు మొదటి కేసు శాంపిల్ నుంచి ఆ వైరస్ ఫోటో తియ్యడానికి పుణెలో ఎన్ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) వాళ్ళు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాడారు.

ఈ ఖాళీ స్లైడు క్లాసుని నేను చాలా ముఖ్యంగా చూస్తాను. కనిపించనిది ఉందని ఎలా తెలిసింది అని పిల్లలే అడుగుతారు. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు రసాన్ని బాక్టీరియా దూరని పింగాణీ ఫిల్టరులో వడకట్టాడు, ఆ వడకట్టిన రసం కూడా తెగులు అంటించింది. బాక్టీరియా కంటే చిన్నదేదో ఉందని అలా తెలిసింది, కళ్ళకి ఫోటో రూపంలో దొరకడానికి ఇంకో నలభై ఏడేళ్ళు పట్టింది, 1939 దాకా. మన మైక్రోస్కోపులో వైరస్ కనిపించదు అన్నదానికి ఒక మినహాయింపు కూడా ఉంది, పిల్లలు దీన్ని బాగా ఇష్టపడతారు. 1992లో ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో ఒక కూలింగ్ టవర్ నీళ్ళ అమీబాలో ఏదో కనిపిస్తే, గ్రామ్ స్టెయిన్‌కి ఊదా రంగు కూడా పట్టుకుంటే, బాక్టీరియా అనుకుని పక్కన పెట్టారు. 2003లో తేలింది అది వైరస్ అని, మిమీవైరస్, మన మైక్రోస్కోపు లాంటి దాంట్లో కూడా చుక్కలా కనిపించేంత పెద్దది.

లోపాలు చెప్పాలి కదా. స్లైడు జరిపే మెకానికల్ స్టేజీలో కొంచెం లూజు ఉంది, 100 లెన్సులో స్క్రూ తిప్పితే ఒక క్షణం ఆగి ఒక్కసారి జరుగుతుంది. 10 నుంచి 40కి మార్చినప్పుడు ఫోకస్ దగ్గరగానే ఉంటుంది గానీ బొమ్మ మధ్య నుంచి పక్కకి పోతుంది, పిల్లలు "పోయింది సార్" అంటారు, అందుకే మార్చే ముందు సరిగ్గా మధ్యలో పెట్టడం నేర్పాలి. ఫీల్డు అంచులు వంగి మసగ్గా ఉంటాయి, ఈ ధరకి ఇది మామూలే. పెట్టెలో ఇచ్చిన రెడీమేడ్ స్లైడ్లు నాసిరకం, రంగు వెలిసిపోయి ఉన్నాయి, వాటి కోసం డబ్బు ఎక్కువ పెట్టొద్దు. ఫోన్ పట్టుకునే క్లిప్ విడిగా కొన్నా, అది మాత్రం ఉండాల్సిందే, ఐపీసు దగ్గర నలభై మంది లైను కడితే పీరియడ్ అయిపోతుంది.

బడ్జెట్ అసలే లేకపోతే ఫోల్డ్‌స్కోప్ ఉంది, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోపు, 140 రెట్లు, రెండు మైక్రాన్ల దాకా చూపిస్తుంది. కుంట నీళ్ళకి, బూజులకి అద్భుతం, చేతిలో పట్టుకుని పొలానికి తీసుకెళ్ళొచ్చు. పెరుగు బాక్టీరియా విడివిడిగా కావాలంటే మాత్రం ఈ పెద్దది కావాలి.

చివరగా దాచుకోవడం. వానాకాలంలో లెన్సుల మీదే బూజు పడుతుంది, సాలెగూడు పోగుల్లా గాజు మీద పాకి, అది వదిలే ఆమ్లాలు పైపూతని తినేస్తాయి, తుడిచినా మచ్చ పోదు. మా పాత మైక్రోస్కోపు పెద్ద లెన్సు పోయింది ఇలాగే. చెక్క పెట్టెలో మూసి బీరువాలో పెట్టకండి, సిలికా జెల్ సంచులు వేసిన గాలి దూరని డబ్బాలో పెట్టి, సంచుల రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడండి. 100 లెన్సు మీద నూనె ఆ రోజే లెన్సు పేపరుతో తుడవాలి, సెడార్‌వుడ్ నూనె అయితే గట్టిపడిపోతుంది, చొక్కా అంచుతోనో చున్నీతోనో తుడిస్తే గీతలు పడతాయి. కుంట నీళ్ళు ముట్టుకున్న పిల్లలతో సబ్బుతో చేతులు కడిగించండి, వాడిన స్లైడ్లు బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టండి, నోటి పాచినీ బాత్రూం నీళ్ళనీ జెల్లీ ప్లేట్లలో పెంచే ప్రయోగాలు మాత్రం స్కూల్లో పెట్టుకోవద్దు, ఏం పెరుగుతుందో మన చేతిలో ఉండదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. కొనేటప్పుడు స్లైడ్ల బాక్సుకి పెట్టే డబ్బుతో మిథిలీన్ బ్లూ, క్రిస్టల్ వయొలెట్, శాఫ్రనిన్, అయోడిన్, నూనె సీసా, కవర్ స్లిప్పుల ప్యాకెట్లు రెండు తీసుకోండి. షాపులోనే 100 లెన్సు దించి చూసి, వేలితో మెల్లగా నొక్కితే దాని ముక్కు స్ప్రింగులా లోపలికి పోతోందో లేదో చూసుకోండి, అది పోకపోతే పిల్లలు ఫోకస్ తిప్పే మొదటి వారంలోనే స్లైడూ పగులుతుంది, లెన్సూ పోతుంది.